పాత లెక్క

నవంబరు మొదటి సోమవారం,
కొత్త బ్యాచ్ బస్సు దిగకముందే,
మర్సలీ కార్ పార్కు అంచున టేపు పరిచి
వంద మీటర్లు కొలుస్తుంది.
తర్వాత నడుస్తుంది.
ఎడమ పాదం నేల తాకినప్పుడల్లా ఒకటి.

నేను సామాన్ల గది కిటికీలోంచి చూస్తుంటాను.
తాళ్లకు పుట్టిన తేదీలు రాయడం నా పని.
కళ్లు మూసుకుని వాటి ఒంటి మీద చెయ్యి పోనిచ్చి
లోపల ఎక్కడ మెత్తబడ్డాయో వెతుకుతాను.
ఇక చాలనిపించినదాన్ని అక్కడికక్కడే ముక్కలు చేస్తాను.
చెయ్యకపోతే ఎవరో ఒకరు
"ఇంకా బాగానే ఉందిగా" అని పట్టుకెళతారు.

కెయిర్న్‌గార్మ్ పైన మబ్బు దిగితే
నేలకీ ఆకాశానికీ మధ్య కుట్టు కనపడదు.
నిలబడ్డామో జారుతున్నామో కాళ్లకే తెలియదు.
అప్పుడు మనిషికి మిగిలేది
చేతిలో దిక్సూచి, నోట్లో అంకె.

మొదటిరోజు ఆమె నేర్పేది పడటం.
వాలు మీద వెల్లకిలా, బోర్లా, తలకిందులుగా.
మంచుగొడ్డలి రొమ్ము కింద నొక్కి
ఒంటి బరువంతా దాని ముక్కు మీద వేసి ఆగాలి.
లీడ్స్ నుంచి వచ్చిన పళ్ల డాక్టరు
పదకొండుసార్లు జారి, నోట్లో మంచు ఉమ్మి,
"దీనికా నేను డబ్బు కట్టింది?" అన్నాడు.
"ఇక్కడ పడ్డవాడు చెడ్డవాడు కాదు" అంది మర్సలీ,
"పడి ఆగనివాడితోనే నాకు పేచీ.
పన్నెండోది కానివ్వండి."

ఆమె వచ్చిన కొత్తలో లెక్క అరవై.
ఇరవై ఏళ్లు అదే అంకె,
సొంత ఫోన్ నంబరు మరిచినా మరవని అంకె.

మోకాలికి ఆపరేషన్ అయిన ఏడు, ఫిబ్రవరిలో,
ఆరుగురిని వెనకేసుకుని పీఠభూమి మీద నడుస్తోంది.
ఆరువందల మీటర్లకు కుడివైపు మలుపు.
లెక్క సరిగ్గా పెట్టింది. ఒక్కటీ తప్పలేదు.
తిరిగింది.
ఇంకో కాసేపటికి ఎందుకో,
అలవాటో, అనుమానమో, ఆమెకూ తెలియదట,
గుప్పెడు మంచు ఉండచేసి ముందుకు విసిరింది.

అది పడలేదు.

పడిన చోటు కనపడలేదు, చప్పుడు లేదు, మచ్చ లేదు.
ముందున్నది గాలి కట్టిన చూరు.
దాని కింద ఇల్లు లేదు, గోడ లేదు.
మూడు వందల అడుగుల ఖాళీ.

"ఎవరి అడుగుల్లో వాళ్లు వెనక్కి రండి" అందట,
టీ చల్లారుతోందని చెప్పేంత మెల్లగా.

కిందికొచ్చాక ఆరుగురినీ బల్ల చుట్టూ కూర్చోబెట్టి
మ్యాపు మీద వేలు పెట్టి చూపించింది.
"యాభై మీటర్ల ముందే తిరిగాను.
మోకాలు కొత్తది, నేను పెట్టింది పాత లెక్క.
మబ్బు తప్పు కాదు. నాది."
దినచర్య పుస్తకంలోనూ అలాగే రాసింది,
కొట్టివేతలు లేకుండా.
ఆ డాక్టరు మరుసటేడు మళ్లీ వచ్చాడు.
వాళ్లలో ఒకమ్మాయి మళ్లీ ఏ కొండా ఎక్కలేదు.

అప్పట్నుంచీ ఈ టేపు.
అరవై ఆరు. అరవై ఏడు. అరవై తొమ్మిది.

ఇవాళ నడిచొచ్చి, కిటికీ మీద వేళ్లతో కొట్టి,
"డెబ్బై ఒకటి" అంది.
దిక్సూచి వెనక ప్లాస్టరు పీకి కొత్తది అంటించి రాసుకుంది.
తర్వాత,
"టార్క్విల్, నీ తాళ్ల పుస్తకంలో నాకూ ఒక పేజీ తెరు."

నవ్వాననుకుంటా. ఆమె నవ్వలేదు.
పేరు రాశాను. వచ్చిన సంవత్సరం రాశాను. అంకెలన్నీ రాశాను.
ఆఖరి గడి దగ్గర కలం ఆగింది,
వాడకం ఆపిన తేదీ.

"అది నేను చెప్పేది కాదు," అంది,
"ఏ తాడూ చెప్పదు. చెయ్యి పెట్టి చూసేవాడు చెప్పాలి.
చెప్తావు కదా?"

బయట బస్సు బ్రేకులు కీచుమన్నాయి.
పన్నెండుమంది చలికి భుజాలు ముడుచుకుని దిగారు.
టేపు పక్కన వాళ్లని నిలబెడుతుంటే
ఒక కుర్రాడు అడుగుతున్నాడు,
"ఎంత రావాలండీ? కరెక్టు అంకె ఎంత?"

కిటికీ మూసే ఉంది.
ఆమె ఏం చెప్పిందో వినపడలేదు.
వాడు మాత్రం తల వంచి
తన బూట్లకేసి చూస్తూ
ఒకటి అన్నాడు.